బిడ్డలు – జంతువుల తెగలు

మాటలు వచ్చియు రాని పసిబిడ్డ వీథిలో పోవు కుక్కను జూచి "బౌబౌ" యనును. మఱునాడు మేకను జూచి యదే మాట యనును. ఆ పిమ్మట గేదెయు బౌబౌయే, బండి లాగు నెద్దును బౌబౌయే. ఇంటిల్లిపాదియు నవ్వుదురు. అమ్మమ్మ మాత్రము "కాదు నాయనా, అది గేదె" యని దిద్దును. నవ్వుటలో దోషము లేదు గాని, ఆ బిడ్డ చేసిన పని యెట్టిదో యొకపరి యోజింపుడు. నాలుగు కాళ్లును, తోకయు, ఒంటినిండ వెండ్రుకలును గలిగి, తమంత తాము కదలు వానినెల్ల నొక్క తెగగా జేర్చి, తనకు వచ్చిన యొక్క మాటను ఆ తెగకు పేరుగా బెట్టినాడు. కాకిని జూచి బౌబౌ యనలేదు. బండిని జూచియు ననలేదు. పేరు తప్పు గావచ్చును, తెగ తప్పు గాదు.

ఈ వేఱుపఱచు బుద్ధి బిడ్డలకు మనము క్రొత్తగా నేర్పవలసినది గాదు. తల్లి చేట ముందిడుకొని కందిపప్పులో రాళ్లేరుచుండగా మూడేండ్ల బిడ్డ దగ్గఱ జేరి, పెసలొక ప్రక్కకు, మినుములొక ప్రక్కకు నెట్టుట మనమెల్లరము చూచుచున్నదే. అయితే గింజలు చేతికందును, కదలక యుండును, రంగుచేతనే తెలిసిపోవును. జంతువులట్లు గాదు. అవి పరుగెత్తును, ఎగురును, నీట మునుగును. పైకొకటిగా గనబడి లోపల మఱొకటిగా నుండును. కావుననే బిడ్డ బుద్ధికి వానిని మించిన సాము లేదు.

జినీవా నగరమున పియాజే యను పండితుడును, ఇన్‌హెల్డరు అను విదుషీమణియు చిరకాలము బిడ్డలతో గలసి యీ విషయమును బరిశీలించి 1959లో నొక గ్రంథము ప్రకటించిరి. పూల బొమ్మలు, జంతువుల బొమ్మలు బిడ్డల ముందిడి "వీనిలో దగినవానిని దగినవానితో జేర్పుము" అని వారు చెప్పుచుండిరి. మిక్కిలి చిన్నబిడ్డలు తెగలు చేయరు, చిత్రము చేయుదురు. ఆవు ప్రక్కన గడ్డి, గడ్డి ప్రక్కన ఇల్లు, ఇంటి ముందు మనిషి – ఇట్లొక కథ యల్లుదురు. కొంత యెదిగినవారు ఆవులన్నిటి నొకచోట, పక్షులన్నిటి నొకచోట బెట్టుదురు. కాని యొక తెగ మఱొక పెద్ద తెగలో నిమిడియుండునను సంగతి యేడెనిమిదేండ్లు వచ్చువఱకు సాధారణముగా జిక్కదు. దీనిని మీరింటనే చూడవచ్చును. ఆఱు ఆవు బొమ్మలును, రెండు గుఱ్ఱపు బొమ్మలును బెట్టి "ఆవులెక్కువా, జంతువులెక్కువా?" యని అయిదేండ్ల బిడ్డ నడుగుడు. "ఆవులే యెక్కువ" యని తడుముకొనక చెప్పును. ఆవులను జంతువులలో గూడ లెక్కించుట వానికింకను రాదు. అట్టి బిడ్డను మందమతి యనుకొని చింతించు తల్లులు గలరు. ఆ చింత యక్కఱలేదు. రెండేండ్లాగి యదే ప్రశ్న వేసినచో "అదేమి ప్రశ్న యమ్మా" యని వాడే నవ్వును.

ఇక నెట్లు మొదలు పెట్టవలెను? అందులకు మన యిండ్లలో బొమ్మల కొలువుకంటె దగిన సాధనము లేదని నా యభిప్రాయము. కొందఱి యిండ్లలో దసరాకు, కొందఱి యిండ్లలో సంక్రాంతికి కొలువు దీర్చుదురు. మూడో, అయిదో, ఏడో మెట్లమీద దేవతల బొమ్మలు, పెండ్లికొడుకు పెండ్లికూతురు, శెట్టిగారి దుకాణము, కొండపల్లి యేనుగు అంబారీ, ఏటికొప్పాక లక్కబొమ్మలు, నిర్మల పిట్టలు – ఇవియన్నియు బెట్టెలోనుండి దిగును. పై మెట్లు పెద్దలు దీర్చుకొనవచ్చును. క్రింది రెండు మెట్లు మాత్రము బిడ్డకు విడిచిపెట్టి, జంతువుల బొమ్మలన్నియు గుమ్మరించి, "వీనిని నీ యిష్టము వచ్చినట్లు గుంపులుగా బెట్టుము" అని మాత్రము చెప్పవలెను. బొమ్మలు లేని యిండ్లలో పాత పంచాంగపు బొమ్మలు, పత్రికలలోని చిత్రములు కత్తిరించి యట్టముక్కలకు అంటించినను జాలును.

బిడ్డ మొదట రంగునుబట్టి పెట్టును. ఎఱ్ఱ చిలుక, ఎఱ్ఱ గుఱ్ఱము నొకచోటనుండును. పెట్టనిండు. మఱునాడు పెద్దవి చిన్నవి యని పెట్టును. మూడవనాడు ఇంటనుండునవి, అడవినుండునవి యని పెట్టును. ఒక్కొక్క విధమున బెట్టినపుడును తల్లి యడుగవలసిన ప్రశ్న యొక్కటే: "ఇది యిక్కడ నెందులకు బెట్టితివి?" జవాబు విని యూరకుండుట కష్టము, మన నాలుక దిద్దుటకు త్వరపడును. 1939లో అడయారుకు వచ్చి యుద్ధకాలమంతయు మన దేశమున గడపిన మాంటిసోరీ మాత, పని యందు లీనమైన బిడ్డకు అడ్డుతగులరాదని పదేపదే బోధించెను. బొమ్మల కొలువునొద్ద ఆ మాట పాటించుట మనకొక పరీక్ష. తెగలు పలువిధముల జేయవచ్చునని బిడ్డ తానై కనుగొన్న పిమ్మటనే "వీనిలో నేది మేలు?" అను ప్రశ్నకు అర్థముండును.

అచ్చముగా నెఱుకకు వచ్చు తెగలు చేయుటలో మన భాషయే మనకొక చిక్కు దెచ్చిపెట్టుచున్నది. వానపాము పాము గాదు. సీతాకోకచిలుక చిలుక గాదు. నక్షత్రచేప చేప గాదు. రోకలిబండ రోలు ప్రక్కనుండునది గాదు. బిడ్డలు పేరును మిక్కిలి నమ్ముదురు. సూసన్ గెల్‌మన్, ఎల్లెన్ మార్క్‌మన్ అను నిరువురు అమెరికా విదుషీమణులు 1986లో ప్రకటించిన యొక పరిశోధన యిందులకు దార్కాణము. వారు నాలుగేండ్ల బిడ్డలకు మూడు చిత్రములు చూపిరి. ఒకటి రాజహంస, మన పులికాటు సరస్సునకు చలికాలమున దిగు పొడుగుకాళ్ల పక్షి వంటిది. రెండవది గబ్బిలము. మూడవది నల్లపిట్ట, చూచుటకు గబ్బిలమునే పోలియుండును. "ఈ పక్షి తన పిల్లకు మెదిపిన మేత పెట్టును, ఈ గబ్బిలము తన పిల్లకు పాలిచ్చును. మఱి యీ పక్షి యేమి పెట్టును?" అని నల్లపిట్టను జూపి యడిగిరి. రూపము గబ్బిలమును పోలియున్నను, పేరు పక్షి యని వినుటచేత బిడ్డలలో నెక్కువమంది మెదిపిన మేత యనియే చెప్పిరి. రూపముకంటె పేరునే వారు నమ్మిరన్నమాట. కావున దల్లి చెప్పు పేరు బిడ్డ మనస్సులో గట్టి గుంజవలె నాటుకొనును. గబ్బిలమును జూపి "అదిగో పిట్ట" యని యొకసారి యన్నచో, అది గుడ్లు పెట్టుననియు, గూడు కట్టుననియు బిడ్డ తానే యూహించుకొనును. రావిచెట్టునో చింతచెట్టునో తలక్రిందులుగా వ్రేలాడు పెద్ద గబ్బిలము సాధారణముగా నొక్క పిల్లనే కని, దానిని రొమ్మున గఱపించుకొని ఎగురును. "గబ్బిలము పిట్ట గాదు, పాలిచ్చు జంతువు, అయినను ఎగురును" అని యొక్క వాక్యము చెప్పుట కెంతసేపు?

మన పెద్దలు చెప్పు సూత్రమొకటి గలదు: చెవులు పైకి గనబడునవి పిల్లలను గనును, చెవులు గనబడనివి గుడ్లు పెట్టును. పొడుపుకథ వేసినట్లు ముసలివారు దీనిని చెప్పుట మీరు వినియేయుందురు. ఇది కొట్టివేయదగిన మాట గాదు. ఆవు, మేక, కుక్క, పిల్లి, ఎలుక, ఉడుత, ఏనుగు, కోతి, గబ్బిలము – అన్నిటికి జెవులు గలవు, అన్నియు బిల్లలను గనును. కోడి, కాకి, పిచ్చుక, బల్లి, తొండ, తాబేలు, కప్ప – చెవిదొప్పలు లేవు, గుడ్లు పెట్టును. ఇంటి చుట్టును ఎన్ని జంతువులుండునో అన్నిటిని ఈ సూత్రముతో బరీక్షింపుమని బిడ్డకు జెప్పి చూడుడు. వారము దినములు వానికి వేఱు ధ్యాస యుండదు. గుడ్లగూబలలో గొన్నిటికి దలపై రెండు కుచ్చులుండును, చెవులే యనిపించును, అవి యీకలు మాత్రమే. అసలు చెవి ప్రతి పక్షికిని ఈకల చాటున రంధ్రముగా నుండును.

సూత్రము బాగుగా బట్టుబడిన పిమ్మట, దానిని విఱిచివేయు జంతువులను ఒక్కొక్కటిగా దేవలెను. ఇదియే ఈ యాటలో నాకు మిక్కిలి ప్రియమైన భాగము. రక్తపింజరికి చెవులు లేవు. అది గుడ్లు పెట్టదు, ఒక్కసారి యిరువది ముప్పది పిల్లలను గనును. తేలునకు జెవులు లేవు. అదియు బిల్లలనే కని వీపున మోయును. సముద్రమున డాల్ఫినునకు, తిమింగలమునకు చెవిదొప్పలు లేవు. అవి పిల్లలను గని పాలిచ్చును. బాలింతలకు పాలు పడునని మన తీరమున వండిపెట్టు పాలసొరయు బిల్లలనే కనును. అయితే పేరులో పాలున్నవి గాని దాని పిల్లలకు పాలు లేవు. అది మొప్పలతో నూపిరి దీయు చేప. విశాఖపట్టణము దరికి వచ్చు తిమింగలసొర సముద్రములోని చేపలన్నిటిలో బెద్దది. తిమింగలము చేప గాదు, తిమింగలసొర చేపయే. ఇక ఆస్ట్రేలియా ఖండమున ప్లాటిపస్ అను జంతువు గలదు. దానికి బాతుముక్కు, ఒంటినిండ బొచ్చు. గుడ్లు పెట్టును, పిల్లలకు పాలిచ్చును. 1799లో దాని యెండిన చర్మము నింగ్లాండులో బరీక్షించిన షా యను శాస్త్రజ్ఞుడు, ఎవరైన బాతుముక్కును కుట్టి మోసగించిరేమో యని సందేహించెను. అది గుడ్లు పెట్టుట నిజమని 1884లో గాని శాస్త్రలోకమునకు దృఢపడలేదు.

ఇన్ని చిక్కులు చూచిన బిడ్డ, "అయితే గుడ్లా పిల్లలా యనుటకంటె, పాలిచ్చునా యీయదా యని యడిగినచో మేలు గదా" యని తనంతట దానే యనుట నేనెఱుగుదును. ఏడేండ్ల బాలిక యన్నది. ఆ మాటకు పండితులు చేరుటకు బహుకాలము పట్టినది. స్వీడను దేశపు లిన్నేయసు జంతువులన్నిటిని తెగలుగా విభజించి 1735లో మొదటి కూర్పు ప్రకటించినపుడు తిమింగలమును చేపలలోనే వేసెను. నాలుగు కాళ్ల జంతువులు అని యొక తెగ యుండెను. కాళ్లులేని తిమింగలమున కందు జోటు లేకపోయెను. ఇరువదిమూడేండ్ల పిమ్మట, 1758 నాటి పదవ కూర్పులో ఆయన కాళ్ల లెక్క విడిచి, స్తన్యమిచ్చుటను గుఱుతుగా గొని, ఆ తెగకు క్రొత్తపేరు పెట్టెను. తిమింగలమును, గబ్బిలమును, మనిషియు నపుడు ఒక్క యింటివారైరి. మనము క్షీరదములని, స్తన్యజీవులని వ్యవహరించుచున్నది ఆ తెగనే. ఆ కుటుంబమంతటికిని గుఱుతుగా తల్లి చన్నుబాలు నిలిచినవి. ఆయన యంతకు బూర్వము 1752లోనే, తల్లులు తమ బిడ్డలను దాదులకు విడువక తామే పాలిచ్చి పెంచవలెనని యొక చిన్న గ్రంథమును ప్రకటించెను. లిన్నేయసునకే ఇరువదిమూడేండ్లు పట్టినదే, మన బడిబిడ్డ తిమింగలమును చేప యని వ్రాసినచో బెత్తమునకు బని యేమి?

ఇచ్చట నొక మాట చెప్పక యుండలేను. తెగలు చేయువాని చూపునుబట్టి తెగ మాఱును. మన తెలుగు వ్యాకరణమునే చూడుడు. "రాముడు వచ్చెను, వాడు వచ్చినాడు" అందుము. "ఆవు వచ్చినది" అందుము. "సీత వచ్చినది" అనియే యందుము. చిన్నయసూరిగారి బాలవ్యాకరణమున పురుషులొక తెగ, మహత్తులు. స్త్రీలును, పశుపక్ష్యాదులును, రాళ్లురప్పలును గలసి రెండవ తెగ. నలుగురు స్త్రీలు గూడినప్పుడు మాత్రము పురుషులతో సమానముగా "వచ్చిరి" అందుము. ఒంటిగా నున్నపుడు ఆవు ప్రక్కన, గుంపుగా నున్నపుడు మగవారి ప్రక్కన! సూరిగారు భాషలో నున్నదానిని జెప్పిరే గాని తాము కల్పించినది గాదు. అయినను బడికి బోవు మన యాడపిల్ల యీ పాఠము చదివినపుడు, ఇది క్రియాపదముల తెగయే గాని ప్రాణుల తెగ గాదని తల్లి చెప్పుట మంచిది.

కాళ్లు లెక్కించుట యింకొక మంచి యాట. చీమకు ఆఱు, ఈగకు ఆఱు, బొద్దింకకు ఆఱు; ఇవి కీటకములు. సాలెపురుగునకు ఎనిమిది, తేలునకు ఎనిమిది. ఇవి కీటకములు గావు, వేఱు తెగ. పీతకును, రొయ్యకును పది. ఆరుద్రకార్తె వానలు పడిన వెంటనే పొలము గట్లమీద నెఱ్ఱని మకమలువలె మెఱయుచు నడచు ఆరుద్రపురుగును బిడ్డ లెల్లరు ఎఱుగుదురు. దానికెన్ని కాళ్లో తెలిసిన పెద్దలు తక్కువ. అరచేత నెక్కించుకొని లెక్కింపుడు: ఎనిమిది. అది సాలెపురుగునకు చుట్టము. అయితే కాళ్ల లెక్క యొక్కటే నమ్మరాదు. రెండు కాళ్లు, ఈకలు లేనిది మనిషి యని ప్లేటో నిర్వచించగా, డయోజినీసు ఈకలు పీకిన కోడిని దెచ్చి "ఇదిగో ప్లేటోగారి మనిషి" అనెనని గ్రీకుల కథ. బిడ్డలకీ కథ మిక్కిలి నచ్చును.

ఒక్క తెగను మాత్రము బిడ్డలచేత వేఱుపఱపింపరాదు, అది పాములు. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున బాముకాటుచే సుమారు పండ్రెండు లక్షలమంది మరణించిరని 2020లో వెలువడిన లెక్క. అనగా నేటికి సుమారు ఏబదియెనిమిదివేలు. వారిలో పల్లెటూళ్లవారే యెక్కువ. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి యనునవి ప్రాణాంతకములైన వానిలో ముఖ్యమైనవనియు, జెఱ్ఱిపోతునకు, నీరుకట్టెకు విషము లేదనియు బుస్తకములోని బొమ్మ జూపి చెప్పవచ్చును. కాని పెరటిలో నిజమైన పాము గనబడినపుడు "ఇది యే పాము?" అను ప్రశ్న బిడ్డకు లేదు, వెనుకకు నడచి పెద్దలను బిలుచుటయే. కట్లపామునకును, విషములేని కట్ల తోడేలుపామునకును భేదము తెలియక పెద్దలే పొరబడుచున్నారు. రాత్రివేళ పాము పేరెత్తక "పురుగు" అనుట మన పల్లెల వాడుక. దానివలన "పురుగు ముట్టినది" అని యేడ్చుచు వచ్చిన బిడ్డ మాటను చీమకుట్టినట్లు తలచి కూరుచుండు ప్రమాదము గలదు. బిడ్డలకు పాము పేరు పామనియే నేర్పుడు. కాటు పడిన దినమున మంత్రమునకు గాక ఆసుపత్రికి గొనిపొండు. విషమునకు విఱుగుడు మందు అచ్చటనే యుండును.

బల్లి విషయమునను ఒక మాట. బల్లికి విషము లేదు. అది పడిన పాలు పాఱబోయుట రోగక్రిములకై చేయదగిన పనియే గాని, గోడమీది బల్లిని చీపురుతో గొట్టి చంపించుట బిడ్డకు నేర్పదగిన విద్య గాదు. అది దోమలను, రెక్కల పురుగులను దినును.

ఇక నా కొలువు మెట్లమీద నెచ్చట బెట్టవలెనో తెలియక బిడ్డలు తగవులాడుకొను జంతువొకటి గలదు. పెరటి కరివేపచెట్టు చిగుళ్లు గోయునపుడు ఆకుమీద పిట్టరెట్ట వంటి మచ్చ కనబడును. పాఱవేయకుడు, తేఱి చూచినచో నది మేయుచుండును. అది సీతాకోకచిలుక పిల్ల. నిమ్మచెట్టునను ఇదియే యుండును. ఆకుతోగూడ ఒక గాజుసీసాలో బెట్టి, మూతికి పలుచని గుడ్డ కట్టి, ప్రతిదినము లేతయాకు మార్చుచుండవలెను. కొన్నాళ్లకు నది పచ్చబడి చిటికెనవ్రేలంత లావగును. పుల్లతో నించుక తాకినచో దల వెనుకనుండి ఎఱ్ఱని చీలిన కొమ్ములు రెండు సాచి, వెగటు వాసన కొట్టును. బిడ్డలు కెవ్వుమని నవ్వుదురు. తరువాత మేత మాని, పుల్లకు నడుమున నూలుపోగు వంటి దారము గట్టుకొని గూడుగా మాఱును. అపుడు కాళ్లు లేవు, కదలికయు లేదు. "ఇపుడిది జంతువా, కాయా?" యని యడుగుడు. చిన్నవాడు కాయ యనును, పెద్దది కాదనును, ఇరువురిని వాదింపనిండు. పది పండ్రెండు దినములకు తెల్లవాఱుజామున గూడు చిట్లి, తడిసి ముడుతలు పడిన ఱెక్కలతో సీతాకోకచిలుక వెలుపలికి వచ్చును. ఱెక్కలాఱుటకు గంటయో రెండు గంటలో పట్టును. అంతవఱకు దానిని ముట్టనీయక, కాళ్లు మాత్రము లెక్కింపుమని బిడ్డకు జెప్పి, ఎండ కాస్త యెక్కిన పిమ్మట సీసాను మరల కరివేపచెట్టు క్రిందికే గొనిపోయి గుడ్డ విప్పవలెను.